జిడ్డు తినే బ్యాక్టీరియా పొడి రాత్రిపూటే వేయండి

కర్రీ పాయింట్, మెస్ నడిపేవాళ్లు సింకు కింద గ్రీజ్ ట్రాప్‌లో (కడిగిన నీళ్లలోని జిడ్డును ఆపే తొట్టిలో) బ్యాక్టీరియా పొడి వేసి, పని చేయలేదని పది రోజులకే మానేస్తారు. చాలాసార్లు తప్పు పొడిది కాదు, వేసే వేళది. పొద్దున వేస్తే గిన్నెలు కడిగిన నీళ్లతో పాటే కొట్టుకుపోతుంది.

రాత్రి ఆఖరి గిన్నె కడిగాక, పైన మీగడలా పేరుకున్న తెట్టును చిల్లుల గరిటెతో తీసేయండి. ఇది మాత్రం మానొద్దు, అంత ముద్దను ఏ బ్యాక్టీరియా తినలేదు. పొడిని గోరువెచ్చని బోరు నీళ్లలో అరగంట నానబెట్టి పోయండి. కుళాయి నీళ్లలో బ్యాక్టీరియాను చంపే క్లోరిన్ ఉంటుంది కదా! ఈ పొడుల్లో ఎక్కువగా ఉండే బాసిల్లస్ జాతులు లైపేజ్ ఎంజైమ్ వదిలి, నూనెను గ్లిజరాల్‌గా, కొవ్వు ఆమ్లాలుగా విడగొట్టుకుని తింటాయి. అందుకు తెల్లారేదాకా నీళ్లు కదలకుండా ఉండాలి.

బ్లీచింగ్, యాసిడ్, ఫినాయిల్, సలసల కాగే నీళ్లు ఆ తొట్టిలోకి పోనివ్వకండి. గంజి కూడా వద్దు, పులిసి నీళ్లను ఆమ్లంగా మారుస్తుంది.

బజ్జీలు వేసి మిగిలిన నూనెనైతే డబ్బాలో పట్టి, బయోడీజిల్ కోసం సేకరించేవాళ్లకు ఇచ్చేయండి.