సూర్యుని వెంట తిరిగే ప్యానెల్ – ఐదవ పాఠం: మోటారు ఎప్పుడు ఊరుకోవాలి?

ఈ పాఠంలో బేరింగుల అమరిక గురించి చెప్పుకోవాలని అనుకున్నాము. గత పాఠం చేసి చూసినవారిలో చాలామందికి ఒకే ఇబ్బంది ఎదురైంది కనుక బేరింగులను వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. రెండు ఎల్‌డీఆర్‌ల (వెలుతురు పెరిగేకొద్దీ నిరోధం తగ్గే సెన్సర్ల) మధ్య అడ్డుపలక నిలిపి, వెలుతురు ఎక్కువగా పడుతున్న వైపునకు మోటారు తిరిగేలా చేశాము కదా. ప్యానెల్ సూర్యునికి ఎదురుగా వచ్చిన తరువాత కూడా ఆగకుండా, అర అంగుళం అటూ అర అంగుళం ఇటూ రోజంతా వణుకుతూనే ఉందని మీరు రాశారు. లోపం మీ పనితనంలో లేదు. రెండు కొలతలూ సమానమయ్యే వరకు తిప్పమని రాసి అక్కడితో వదిలేయడం నేను చేసిన పొరపాటు, ఎందుకంటే ఆ రెండూ ఎన్నడూ సమానం కావు. ఒకే పొట్లంలోంచి తీసిన రెండు ఎల్‌డీఆర్‌లు కూడా ఒకే వెలుతురులో వేర్వేరు నిరోధాన్ని చూపుతాయి. పైగా గేరు పళ్ల మధ్య ఉండే వదులు వల్ల, మోటారు ఆగిన తరువాత కూడా ప్యానెల్ కొద్దిగా ముందుకు జరుగుతుంది.

దీనికి మందు డెడ్‌బ్యాండ్, అంటే తేడా ఉన్నా మోటారు కదలకుండా ఊరుకునే హద్దు. ప్రోగ్రాములో దానిని ఎలా రాయాలో మీకు తెలుసు. ఆ హద్దు ఎంత ఉండాలన్న దగ్గరే అందరూ పొరబడుతున్నారు. ప్యానెల్ సూర్యునికి ఎంత సూటిగా ఉంటే అంత లాభమని భావించి హద్దును అర డిగ్రీకి, కొందరు పావు డిగ్రీకి కుదించారు. ఈ ఒక్క భ్రమ ఎన్ని మోటార్లను అరగదీసిందో చూసి చూసి విసుగెత్తిపోయాను కనుక, దీనిని కాస్త విస్తరించే చెబుతాను.

ప్యానెల్ మీద నేరుగా పడే ఎండ, పక్కకు తప్పిన కోణపు కొసైన్ విలువను బట్టి తగ్గుతుంది. 5 డిగ్రీలు తప్పితే పోయేది 0.4 శాతం మాత్రమే, 10 డిగ్రీలు తప్పితే 1.5 శాతం, 15 డిగ్రీలకు 3.4 శాతం. 30 డిగ్రీలు తప్పినప్పుడు గానీ నష్టం 13 శాతం దాటదు. అర డిగ్రీ తప్పు వల్ల పోయేది 10,000 వంతుల్లో అర వంతుకన్నా తక్కువ, దానిని మీ మల్టీమీటర్ చూపనైనా చూపలేదు. కటకాలతోనో అద్దాలతోనో ఎండను ఒకే చోట కేంద్రీకరించే యంత్రాలకు డిగ్రీలో చిన్న భాగం కూడా ముఖ్యమే. మామూలు ప్యానెల్‌కు ఆ నియమం వర్తించదు.

రెండవ పాఠంలో ఇరుసును భూమి అక్షానికి సమాంతరంగా నిలిపాము కనుక, దాని చుట్టూ సూర్యుడు గంటకు 15 డిగ్రీలు, అంటే 4 నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతాడు. ప్రతిసారీ ప్యానెల్‌ను సూర్యునికన్నా 5 డిగ్రీలు పడమరగా, ముందుగానే నిలపండి. 20 నిమిషాలకు సూర్యుడు దాని ఎదుటికి వస్తాడు, మరో 20 నిమిషాలకు 5 డిగ్రీలు దాటిపోతాడు. అప్పుడు 10 డిగ్రీలు తిప్పండి. ఈ విధంగా 40 నిమిషాలకొకసారి కదిలినా తప్పు ఏనాడూ 5 డిగ్రీలు మించదు, నష్టం 0.4 శాతాన్ని దాటదు. 120 డిగ్రీల ప్రయాణానికి రోజుకు 12 కదలికలు, రాత్రి వెనక్కి ఒకటి సరిపోతాయి.

ఆ పన్నెండును వణుకుతున్న ప్యానెల్‌తో పోల్చి చూడండి. ఐదు సెకన్లకొకసారి కదిలితే పది గంటల్లో 7,200 కదలికలవుతాయి. రోజుకు పన్నెండు చొప్పున 25 ఏళ్లకు అయ్యే కదలికలు సుమారు 1,10,000, వణికే ప్యానెల్ వాటిని పదహారు రోజుల్లో పూర్తి చేస్తుంది. అలా వణికిన ఒక గేరుపెట్టెను నేనే విప్పి చూశాను. నల్లబడిన గ్రీజులో ఇత్తడి పొడి మెరుస్తూ కనిపించింది, వేళ్ల మధ్య రుద్దితే సన్నని ఇసుకలా గరగరలాడింది. ఉక్కును కరిగించి, రాగిని చుట్టి, పళ్లు కోసి ఆ గేరు మోటారును తయారు చేయడానికి ఖర్చయిన శక్తి మళ్లీ మనకు దక్కాలంటే అది చాలాకాలం పనిచేయాలి.

ఇంత చెప్పిన తరువాత నా పద్ధతి కూడా చెబుతాను. నేను ఎల్‌డీఆర్‌లను వదిలేసి గడియారం చిప్‌తోనే తిప్పుతున్నాను. ఎల్‌డీఆర్‌లు ఎక్కువగా కాడ్మియం సల్ఫైడ్‌తో తయారవుతాయి, కాడ్మియం విషలోహం, పారేయవలసి వచ్చిన రోజున అది మరో సమస్య. గడియారంతో తిప్పడానికి సూర్యుని మధ్యాహ్నం, అంటే ఆ రోజు సూర్యుడు అన్నిటికన్నా ఎత్తున ఉండే క్షణం, ఎప్పుడో తెలిస్తే చాలు, అది గడియారపు పన్నెండు గంటలు మాత్రం కాదు. ఆ రోజు సూర్యోదయ, సూర్యాస్తమయ సమయాల నడిమి క్షణాన్ని తీసుకోండి. 6:10కి ఉదయించి 18:30కి అస్తమిస్తే, సూర్యుని మధ్యాహ్నం 12:20. పదిహేను రోజులకొకసారి ఈ లెక్కను సవరించుకుంటే మిగిలే తప్పు 2 డిగ్రీలకు లోపే ఉంటుంది. పూర్తిగా మబ్బు పట్టిన రోజున వెలుతురు ఆకాశమంతటి నుంచీ వస్తుంది కనుక ప్యానెల్‌ను ఇరుసు మీద నడిమి స్థానంలో వదిలేయండి, తిప్పి ప్రయోజనం లేదు.

స్టెప్పర్ మోటారు (చిన్న చిన్న అడుగులుగా తిరిగే మోటారు) వాడినవారికి ఒక మాట. అది నిలిచి ఉన్నప్పుడు కూడా పట్టు కోసం కరెంటు తీసుకుంటుంది. 12 వోల్టుల వద్ద ఒక ఆంపియరు అంటే 12 వాట్లు, పది గంటలకు 120 వాట్-గంటలు. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండ రోజున కదలకుండా సుమారు 500 వాట్-గంటలు ఇస్తుందనుకుంటే, తిరగడం వల్ల 20 శాతం పెరిగినా అదనంగా వచ్చేది 100 మాత్రమే. అంటే రాబడికన్నా ఖర్చే ఎక్కువ. వార్మ్ గేరు (మరలాంటి కడ్డీ పళ్లచక్రాన్ని తిప్పే గేరు) ఉన్న మోటారుకు కరెంటు లేకుండానే పట్టు ఉంటుంది. అది 24 వాట్లు తీసుకుంటూ ఒక్కో కదలికకు 5 సెకన్లు, తిరుగు ప్రయాణానికి ఒక నిమిషం నడిచినా రోజుకు ఒక వాట్-గంట కూడా కాదు. అయితే అన్ని వార్మ్ గేర్లకూ ఈ పట్టు ఉండదు. కరెంటు తీసేసి ప్యానెల్‌ను చేతితో నెట్టి చూడండి, ఇరుసు తిరిగితే ఆ గేరు పనికిరాదు.

ఇక అభ్యాసం. దీనికి నిర్మలమైన ఎండ ఉన్న రెండు రోజులు కావాలి. మొదటి రోజు ఉదయం నుంచి సాయంత్రం వరకు ప్రతి కదలిక మొదలైన సమయాన్ని, నడిచిన సెకన్లను, తీసుకున్న కరెంటును రాసుకుని మోటారు మొత్తం వాడకాన్ని వాట్-గంటల్లో తేల్చండి. స్టెప్పరైతే నిలిచి ఉన్నప్పటి కరెంటును కూడా కలపండి. రెండవ రోజు ప్యానెల్‌ను మధ్యాహ్నపు సూర్యునికి ఎదురుగా బిగించి కదలకుండా ఉంచండి. రెండు రోజులూ ప్యానెల్ ఇచ్చిన శక్తిని అరగంటకొకసారి కొలవండి. తిరగడం వల్ల వచ్చిన అదనపు శక్తి మోటారు వాడకానికి కనీసం పది రెట్లు లేకపోతే, బేరింగుల జోలికి వెళ్లే ముందు ముందుగా మోటారును మార్చండి.