ఒకే ద్రాక్ష, నాలుగు ఊళ్ళు: షిరాజ్‌ని పక్కపక్కన పెట్టి రుచి చూడటం

ఒకే మామిడి అంటు రెండు తోటల్లో రెండు రుచులు కాస్తుందని విజయనగరం వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ద్రాక్షా అంతే. కాకపోతే వైన్ దగ్గరికొచ్చేసరికి ఆ తేడా నేలదా, ఎండదా, లేక పీపాదా, ఫ్రిజ్‌దా అన్నది విడదీయడం కష్టం. నాలుగు సీసాలు కొనుక్కొచ్చి వరసగా తాగేస్తే పోల్చినట్టు కాదు. ఊరు ఒక్కటే మారాలి, మిగతావన్నీ ఒకేలా ఉండాలి. పనంతా అందులోనే ఉంది.

మొదటిసారికి షిరాజ్ అనే ఎర్ర వైన్ ద్రాక్ష పెట్టుకోండి. నాసిక్‌లో పండుతుంది కాబట్టి ఒక సీసా అయినా సులువుగా దొరుకుతుంది. ఊరు మారితే రుచి గట్టిగానే మారుతుంది, కొత్తవాళ్ళకీ తెలుస్తుంది. ఫ్రాన్స్‌లో దీన్నే సిరా అంటారు. మనం రాసుకునే సిరాతో సంబంధం లేదు గానీ, గ్లాసులో ఆ ముదురు ఊదా రంగు చూశాక పేరు మరిచిపోరు. ఇరాన్‌లోని షిరాజ్ నగరం నుంచి వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. 1990ల చివర్లో డీఎన్ఏ పరీక్షల్లో దీని తల్లిదండ్రులు దురేజా, మొందూజ్ బ్లాంష్ అని తేలింది. రెండూ ఆగ్నేయ ఫ్రాన్స్ ద్రాక్షలే.

నాలుగు సీసాలు చాలు: నాసిక్ ఒకటి, ఆస్ట్రేలియా బరోసా వ్యాలీ ఒకటి, దక్షిణాఫ్రికా స్టెలెన్‌బాష్ ఒకటి, ఫ్రాన్స్‌లో రోన్ నది లోయ ఉత్తర భాగంలోని క్రోజ్ ఎర్మితాజ్ ఒకటి. ఈ చివరిదాని లేబుల్ మీద చాలాసార్లు ద్రాక్ష పేరే ఉండదు, ఊరి పేరే ఉంటుంది. షిరాజ్ అని రాసి లేదని పక్కన పెట్టేయకండి. మనదేశం సీసాల్లో ఇంకో తిరకాసు ఉంది. పేరున్న ఎర్ర వైన్లు కొన్ని కాబర్నే అనే ఇంకో ద్రాక్షని షిరాజ్‌తో కలిపి చేసినవి. వెనక లేబుల్ చదివి, షిరాజ్ ఒక్కటే ఉన్నది తీసుకోండి. ఆస్ట్రేలియాలో ఒక ద్రాక్ష పేరు రాయాలంటే అది 85 శాతం ఉంటే చాలు, కాబట్టి అక్కడి సీసాలోనూ వేరేది కొంత ఉండొచ్చు.

ధరలు దగ్గరదగ్గరగా ఉండాలి. లేబుల్ మీది కోత సంవత్సరాల మధ్య తేడా రెండేళ్ళు దాటకూడదు. ఇక్కడో చిన్న లెక్క ఉంది. నాసిక్‌లో కోత జనవరి నుంచి మార్చి వరకు, బరోసాలో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు, రోన్‌లో సెప్టెంబరులో. లేబుల్ మీద ఒకే సంవత్సరం ఉన్నా ఫ్రెంచి సీసా అర్ధ సంవత్సరం చిన్నది.

పీపా సంగతి అంతకంటే ముఖ్యం. అమెరికన్ ఓక్ చెక్క పీపాలో పెట్టిన వైన్‌కి ఎండుకొబ్బరి, వెనిలా వాసన పడుతుంది. బరోసాలో ఆ అలవాటు పాతది. అది తెలియకపోతే కొబ్బరి వాసన బరోసా మట్టిదనుకుంటారు. వీలైతే నాలుగూ ఓక్ తక్కువ వాడినవే చూడండి. వీలవకపోతే కొబ్బరి, వెనిలా తగిలినప్పుడల్లా పక్కన ‘పీపా’ అని రాసి, ఊరి ఖాతాలో వేయకండి.

మన ఊళ్ళో బోర్డు మీద వైన్స్ అని ఉన్న షాపులో వైన్ దొరకడం తక్కువ. విశాఖలోనో, ఇంకో పెద్ద నగరంలోనో కొనాల్సి వస్తుంది. వేరే రాష్ట్రం నుంచి తెచ్చేటట్టయితే ఎక్సైజ్ పరిమితి ముందే కనుక్కోండి. మే నెలలో కారు డిక్కీలో మాత్రం పెట్టకండి. ఒక్క మధ్యాహ్నం చాలు, వైన్ ఉడికిపోవడానికి. కార్కు పైకి ఉబ్బి రేకు తొడుగుని నెడుతుంటే, మూతి దగ్గర జిగురు మరక ఉంటే, ఆ సీసా వేడి తిన్నదన్నమాట. షాపులో కూడా కిటికీ ఎండ తగిలే అరలోంచి తీసుకోకండి.

ఉత్తరాంధ్రలో ఈ పోలికను ఎక్కువగా చెడగొట్టేది వేడి. ఎర్ర వైన్‌ని గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట చలిదేశాల గదులకి చెప్పింది. మనకి కావలసింది 16 నుంచి 18 డిగ్రీలు. 33 డిగ్రీల గదిలో ఉన్న సీసా తెరిస్తే ముక్కుకి ఆల్కహాల్ తప్ప ఇంకేమీ అందదు. ఎక్కువ దెబ్బ తినేది బరోసా. అందులో ఆల్కహాల్ 14, 15 శాతం ఉంటుంది కాబట్టి ఘాటుగా, ముద్దగా అనిపిస్తుంది. అదే మరీ చల్లగా, 8 డిగ్రీలకి తెస్తే వాసన ముడుచుకుపోయి వగరు పైకొస్తుంది. అప్పుడు దెబ్బ తినేది రోన్. అంటే వేడి ఒక్కటి అదుపు తప్పితే మీరు పోల్చేది ఊళ్ళని కాదు, ఫ్రిజ్‌ని.

బకెట్లో సగం ఐసు, సగం నీళ్ళు పోసి నాలుగు సీసాలూ మెడదాకా ముంచండి. నీళ్ళు లేకుండా ఐసు ఒక్కటే వేస్తే గాజుకి సరిగ్గా ఆనదు, ఒక పక్కే చల్లబడుతుంది. పది, పదిహేను నిమిషాల్లో 15 డిగ్రీలకి వస్తాయి. వంటింటి థర్మామీటరు ఉంటే గ్లాసులో ఒక గుక్క పోసి చూసుకోండి. ఫ్రిజ్‌లోనైతే దాదాపు రెండు గంటలు పడుతుంది. నాలుగూ ఒకే అరలో పడుకోబెట్టాలి. తలుపు అరలో ఒకటి, లోపల ఒకటి పెడితే తేడా వస్తుంది. 15 దగ్గర పోస్తే, వాసన చూసి రాసుకునేలోపు 17కి ఎక్కుతుంది. గదిలో ఏసీ 24 మీద ఉంచండి. కరెంటు పోయే వేళలు తెలిసిన ఊరైతే ఆ వేళ తప్పించండి.

గ్లాసులన్నీ ఒకటే రకం: అడుగున వెడల్పు, మూతి దగ్గర సన్నం. స్టీలు గ్లాసులో రంగు కనపడదు, వాసన నిలవదు. వైన్ రుచి కోసం ఐఎస్ఓ ప్రమాణంలో ఉన్న గ్లాసు 215 మిల్లీలీటర్లది, అందులో 50 మిల్లీలీటర్లు పోస్తారు. దొరికిన గ్లాసులు వేరైతే దగ్గుమందు మూత కొలతతో 50 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, ఆ మట్టానికి స్కెచ్ పెన్నుతో బయట గీత పెట్టుకోండి. 750 సీసాకి పదిహేను కొలతలు వస్తాయి, ఒక వైన్‌ని రెండు గ్లాసుల్లో పోసినా ఐదుగురికి సరిపోయి మిగులుతుంది. కడిగిన గ్లాసుని వాసన చూడండి. సబ్బు, చెక్క బీరువా, తడిగుడ్డ వాసన ఏదున్నా ఉత్త నీళ్ళతో మళ్ళీ కడగాలి.

అగరుబత్తి, కర్పూరం, తలలో మల్లెపూలు ఆ పూటకి వద్దు. కిళ్ళీ, వక్క అయితే రెండు గంటల ముందే మానాలి. వక్కలోని వగరు నోట్లో నిలిచిపోయి నాలుగు వైన్లూ ఒకేలా అనిపిస్తాయి. పలాస జీడిపప్పు పళ్ళెం బల్ల మీదకి చివర్లో రానివ్వండి. ఉప్పు, కొవ్వు వగరుని మెత్తబరుస్తాయి. మధ్యలో ఉప్పు లేని మరమరాలు, నీళ్ళు చాలు. బల్ల మీద తెల్ల కాగితం పరవండి. పొందూరు గుడ్డ పరిస్తే మరక పోదు.

సీసాలకి రేకు తొడుగు తీసేసి, న్యూస్‌పేపరు చుట్టి, రుచి చూడని మనిషి చేత అంకెలు వేయించండి. ఐదు గ్లాసులు పెట్టి, నాలుగు వైన్లలో ఒకటి రెండు గ్లాసుల్లో పోయమనండి. ఏదో మీకు చెప్పకూడదు. ఆ రెంటికీ మీరు వేర్వేరు వర్ణనలు రాస్తే, మిగతా మూడింటికి రాసినదాన్నీ నమ్మకండి. ఇది మానేసే వాళ్ళే ఎక్కువ. కానీ దీన్ని మించిన పరీక్ష లేదు.

ముందు ఐదింటినీ వాసనే చూడండి, తాగకండి. గ్లాసు తిప్పి ఒక చిన్న పీల్పు, ఆగి మళ్ళీ ఒకటి. తర్వాత చెంచాడు నోట్లోకి తీసుకుని పది సెకన్లు అటూ ఇటూ తిప్పి ఉమ్మేయండి. గ్లాసులన్నీ తాగేస్తే 250 మిల్లీలీటర్లు అవుతుంది, నాలుగో గ్లాసుకే నాలుక మొద్దుబారుతుంది. ఉమ్మినా బండి మాత్రం నడపకండి.

రాసుకోవడానికి ఇంగ్లీషు పండ్ల జాబితా అక్కర్లేదు. మన నోటికి తెలిసిన మాటలున్నాయి. వగరు: పచ్చి నేరేడు కొరికినప్పుడు చిగుళ్ళు పట్టేసినట్టు ఉంటుందే, అది. ఎంత, ఎంతసేపు అన్నది రాయండి. పులుపు: మింగాక దవడల పక్కన నీరూరుతుంది. ఊరడం ఆగేదాకా మనసులో అంకెలు లెక్కపెట్టండి. ఘాటు: గొంతులో దిగే వెచ్చదనం, అది ఆల్కహాల్‌ది. వాసనకి పక్కగదిలో నాలుగు గిన్నెలు పెట్టుకోండి: నేరేడు, నలిపిన మిరియాలు, ఎండుద్రాక్ష, ఎండుకొబ్బరి. అనుమానం వస్తే వెళ్ళి చూసి రావచ్చు.

షిరాజ్‌లో మిరియాల వాసన ఊహ కాదు. మిరియాల్లో ఉండే రోటండోన్ అనే పదార్థమే దీని తొక్కలోనూ ఉందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించారు. చల్లటి చోట పండితే అది ఎక్కువ. సుమారు ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదు. మీ పక్కవాళ్ళు మిరియాలంటుంటే మీకు తగలకపోతే, లేదనే రాయండి.

సాధారణంగా ఎదురయ్యేది ఇది. 45 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, మిస్ట్రాల్ అనే చలిగాలి తగిలే రోన్‌లో పులుపు నిలుస్తుంది, మిరియాలు ముందుంటాయి, పండు పచ్చిదనం వదలదు. బరోసా వేడికి పులుపు కరిగి చక్కెర పెరుగుతుంది, ఆ చక్కెరే ఆల్కహాల్ అవుతుంది. అందుకే ఉడికిన నేరేడు, ఎండుద్రాక్ష తగులుతాయి. స్టెలెన్‌బాష్ ఈ రెంటి మధ్య. నాసిక్ మీద కొంచెం ఆగండి. 20 డిగ్రీల అక్షాంశం, శ్రీకాకుళానికి రెండు డిగ్రీలే పైన. అయినా అక్కడ పండుతుంది, మన తీరంలో పండదు. నాసిక్ దాదాపు 600 మీటర్ల ఎత్తులో ఉంది, కాయ పండే నెలల్లో వాన ఉండదు, రాత్రి చల్లబడుతుంది. మనకి అక్టోబరు, నవంబరుల్లో తుఫాను వానలు, ఏడాదంతా తేమ. ఆ తేమలో ఆకుకి బూజు తెగులు పట్టకుండా ఉండదు. పగలు ఎండ, రాత్రి చలి రెండూ పడతాయి కాబట్టి నాసిక్ సీసాలో పండిన వాసన, పులుపు పక్కపక్కనే కనపడవచ్చు.

తేడా అనిపించినదల్లా ఊరిది కాదు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్కు చెడింది, దానికి మందు లేదు, ఆ సీసా తీసేయండి. నెయిల్ పాలిష్ వాసన అంటే గాలి, బాక్టీరియా పని. ఉడికిన గుడ్డు వాసన షిరాజ్‌లో తరచు వస్తుంది, పులిసేటప్పుడు గాలి తక్కువై గంధకం వాసన పట్టడం వల్ల. గ్లాసు గట్టిగా తిప్పి పావుగంట వదిలేయండి. పోకపోతే ఆ గ్లాసులో శుభ్రంగా తోమిన రాగి తీగ ముక్క ఒక నిమిషం ముంచండి. వాసన పోతే అది గంధకమే, ఊరు కాదు. ఆ గ్లాసు పారబోసి మిగతా సీసాని ఒక జగ్గులోకి వంచి గాలి తగిలించండి.

కాగితాలు విప్పేముందే ప్రతివాళ్ళూ తమ ఐదు గ్లాసులకి ఊరి పేర్లు రాసి సంతకం పెట్టాలి. విప్పాక దిద్దకూడదు. మిగిలిన వైన్‌ని 200 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లో అంచుదాకా నింపి, మూత బిగించి, ఫ్రిజ్‌లో పెట్టండి. రెండు రోజులు నిలుస్తుంది. మర్నాడు సాయంత్రం అదే 15 డిగ్రీల దగ్గర, ఈసారి పేర్లు చూస్తూ, మొదటి రోజు తప్పు చెప్పిన రెంటినే మళ్ళీ పక్కపక్కన పోసుకోండి.