కంట్రీ సింగర్ అవ్వాలంటే నాష్‌విల్‌లో ఎలా మొదలుపెట్టాలి

గొంతు బాగుంటే చాలనుకుని అమెరికాలో కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్ వెళ్లిపోతారు చాలామంది. అక్కడ బాగా పాడేవాళ్లకు కొదవే లేదు. కాబట్టి ముందు సొంత పాటలు రాయండి, అదీ ఒక్కరే కాదు, ఇంకో ఒకరిద్దరితో కూర్చుని, ఎందుకంటే అక్కడ చాలా పాటలు అలాగే పుడతాయి.

వెళ్లేలోపు నంబర్ సిస్టమ్ వంటబట్టించుకోండి. కార్డ్స్ (ఒకేసారి కలిపి వాయించే స్వరాలు) పేర్లకు బదులు అంకెలు రాస్తారు: జీ మేజర్ శ్రుతిలో 1, 4, 5 అంటే జీ, సీ, డీ. ఆ రోజు గొంతు సహకరించకపోతే "ఎఫ్‌లో వాయిద్దాం" అంటే చాలు, కాగితం మార్చకుండానే బ్యాండ్ మొత్తం అందుకుంటుంది.

నాష్‌విల్‌లోని బ్రాడ్‌వే వీధి బార్లలో గంటల తరబడి పాడాలి, సంపాదన ఎక్కువగా టిప్స్ మీదే, జనం అడిగేవి పాత హిట్లు. స్టేజీ భయం పోవడానికి మంచిదే, కానీ అక్కడే ఉండిపోతే మీ పాటలు ఎవరూ వినరు. వాటికి 1982లో మొదలైన బ్లూబర్డ్ కేఫ్ లాంటి చిన్న చోట్లు ఉన్నాయి, పాట నడుస్తుంటే ప్రేక్షకులు మాట్లాడినా ఊరుకోరు. పెద్ద కంట్రీ స్టార్ గార్త్ బ్రూక్స్ మీద రికార్డు కంపెనీ కన్ను పడింది అక్కడే.

ఇక డబ్బు. కలిసి రాసిన పాటలో ఎవరి వాటా ఎంతో అదే రోజు రాసి పెట్టుకోండి, మొహమాటపడితే తర్వాత గొడవే. పాట వాడినప్పుడల్లా రచయితలకు రావాల్సిన రాయల్టీలు వసూలు చేసిపెట్టే బీఎంఐలోనో ఆస్కాప్‌లోనో చేరండి. మీ పాటల హక్కులు చూసుకునే మ్యూజిక్ పబ్లిషర్ నెలనెలా ఇచ్చేది జీతం కాదు, అడ్వాన్స్, మీ రాయల్టీల్లోంచే పట్టుకుంటారు. సంతకం పెట్టేముందు మ్యూజిక్ లాయర్‌కి చూపించండి, పబ్లిషర్ చెప్పిన లాయర్‌కి మాత్రం వద్దు.