అతిశయోక్తి: ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు

అతిశయం, ఉక్తి కలిసి గుణసంధితో అతిశయోక్తి అయింది. ‘యో’కు దీర్ఘం తప్పనిసరి, ‘అతిశయొక్తి’ తప్పు. ఉన్నదాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడమే దీని అర్థం. అసలంటూ ఏదో ఒకటి ఉండాలి. ఏమీ లేకుండా చెబితే అది అబద్ధం. రెంటచింతల ఎండకు రోడ్డు మీదే ఆమ్లెట్ వేసుకోవచ్చంటే అతిశయోక్తి. అక్కడ మంచు కురిసిందంటే మాత్రం కాదు.

రాతలో ఎక్కువగా కనిపించేది ‘అతిశయోక్తి కాదు’. తప్పులూ ఇక్కడే ఎక్కువ. ‘అంటే’, ‘అన్నా’, ‘అనడం’ తర్వాత ‘అతిశయోక్తి కాదు’ రాయండి. ‘అనడంలో’ అని మొదలుపెడితే ‘అతిశయోక్తి లేదు’ అని ముగించాలి. రెండూ కలిపేసి ‘అనడంలో అతిశయోక్తి కాదు’ అని రాస్తే వాక్యం అతకదు. ఇంకో సంగతి, దీని ముందు వచ్చే మాట వినగానే ‘మరీ అంతనా?’ అనిపించేలా ఉండాలి. ‘మే నెల మధ్యాహ్నం రెంటచింతల వీధుల్లో మనిషి కనిపించడంటే అతిశయోక్తి కాదు’ బాగుంది. ‘రెంటచింతలలో ఎండలెక్కువ అంటే అతిశయోక్తి కాదు’ పేలవం, అందులో అనుమానించడానికి ఏముంది? సన్మాన పత్రాల్లో ఇది పేరాకొకటి చొప్పున దొర్లుతుంది. వ్యాసం మొత్తానికి ఒక్కసారి చాలు.

అలంకారం గుర్తించాల్సి వస్తే ఒకే ఉదాహరణను తిప్పి చూడండి. చెరువు సముద్రంలా ఉంది: ఉపమ. చెరువు సముద్రమేమో అన్నట్లుంది: ఉత్ప్రేక్ష. మా ఊళ్లో సముద్రమంత చెరువుంది: అతిశయోక్తి. పరీక్షల్లో విద్యార్థులు తడబడేది చివరి రెంటి దగ్గరే. ‘ఏమో’, ‘కాబోలు’, ‘అన్నట్లు’ లాంటి ఊహ ఉంటే ఉత్ప్రేక్ష వైపు వెళ్లండి. ఊహ ఊసే లేకుండా కొలత పెంచేస్తే అతిశయోక్తి.

మాటల్లో ఈ పదం అంతగా నప్పదు. ‘నువ్వు అతిశయోక్తిగా చెబుతున్నావురా’ అని ఏ స్నేహితుడూ అనడు, ‘కోతలు కొయ్యకురా’ అంటాడు. కోతలు, బడాయి తన గొప్ప చెప్పుకునేవాడికి. ఇంకొకరి సంగతికి లేనిపోనివి తగిలిస్తే చిలవలు పలవలు. చిన్న గొడవను పెద్దది చేస్తే గోరంతలు కొండంతలు. ‘అతిశయం’ ఒక్కటే వాడేటప్పుడూ జాగ్రత్త: ‘ఆయనకు అతిశయం ఎక్కువ’ అంటే గర్వం ఎక్కువని అర్థం, ఎక్కువ చేసి చెబుతాడని కాదు.