గల్ఫ్‌లో ఆంగ్ల బోధన: నా అర్హత పత్రాల చిక్కు విడిన తీరు

ఒమన్‌లోని ఒక కళాశాల నా ఎం.ఏ.ను, హైదరాబాదులో సంపాదించిన బోధనానుభవాన్ని అంగీకరించినా, ఆ శిక్షణలో భాగంగా తరగతి గదిలో పాఠం చెప్పిన ఆధారం లేదన్న కారణంతో ఆన్‌లైన్ టెఫెల్ (ఆంగ్లాన్ని విదేశీ భాషగా బోధించడంలో శిక్షణ) సర్టిఫికెట్‌ను మాత్రం ఒప్పుకోలేదు. అందుకని కేంబ్రిడ్జి వారి ఆంగ్ల బోధనా శిక్షణ అయిన సెల్టా పూర్తి చేశాను. సుమారు 120 గంటల ఆ శిక్షణలో నిజమైన విద్యార్థులకు 6 గంటలు పాఠం చెప్పి, శిక్షకుల మదింపులో నెగ్గవలసి ఉంటుంది కనుక దానికి దక్కే గౌరవం న్యాయమైనదేనని నా అభిప్రాయం.

అసలు చిక్కు పేరు దగ్గర వచ్చింది. మన తెలుగువారిలో చాలామందికి ఉన్నట్టే నా డిగ్రీ పట్టాలో ఇంటిపేరు పొడి అక్షరంగానూ, పాస్‌పోర్టులో పూర్తిగానూ ఉంది. రెండు పేర్లూ ఒకే వ్యక్తివని నోటరీ ఎదుట అఫిడవిట్ చేయించి జతపరిచాక కళాశాల సమ్మతించింది.

ఒక దేశపు పత్రాలను మరో దేశం సులువుగా గుర్తించేందుకు చేసుకున్న హేగ్ ఒప్పందంలో ఒమన్ ఉన్నందున, రాష్ట్ర స్థాయి ధ్రువీకరణ తరువాత మన విదేశాంగ శాఖ ఇచ్చే అపొస్టిల్ అనే ధ్రువీకరణ సరిపోయింది. పాఠశాల ఉద్యోగాలకు వెళ్లేవారు బి.ఎడ్.ను కూడా ఇదే విధంగా ధ్రువీకరింపజేసుకోవడం మంచిది. కొన్ని ప్రకటనలు బ్రిటన్, అమెరికా వంటి దేశాల పాస్‌పోర్టునే కోరతాయి కనుక, రుసుములు చెల్లించకముందే ఆ షరతును చూసుకోవాలి.