భవన ముఖభాగపు రూపకల్పనకు, నమూనా తయారీకి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

గీయడానికి కూర్చునే ముందు స్థలానికి ఉదయం ఒకసారి, సాయంత్రం నాలుగింటికి మరోసారి వెళ్లి, ఏ గోడ మీద ఎండ ఎంతసేపు నిలుస్తుందో స్వయంగా చూసి రావాలి. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి ఆరు డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. డిసెంబరు 21 మధ్యాహ్నం మాత్రం దక్షిణ దిక్కున దాదాపు 49 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. కాబట్టి దక్షిణపు కిటికీలకు సజ్జా చాలినా, పడమటి ఎండ వాలుగా లోపలికి చొచ్చుకొస్తుంది గనుక అక్కడ నిలువు పలకలో, జాలీయో (చిల్లుల తెర) తప్పవు. హైటెక్ సిటీ మేడలను చూసి పడమటి గోడనంతా అద్దంతో నింపాలన్న తొందర, నా దృష్టిలో, మొదటి ఏడాదుల్లో దాదాపు అందరికీ పట్టే జబ్బే.

నమూనాకు 1:50 స్కేలు (అసలు కొలతలో యాభయ్యో వంతు) ఎంచుకుంటే 230 మిల్లీమీటర్ల ఇటుక గోడ 4.6 మిల్లీమీటర్లకు వస్తుంది కనుక 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు సరిపోతుంది. 1:100లో అదే బోర్డు అరమీటరు మందపు కోటగోడలా కనిపిస్తుంది. జాలీ వంటి సన్నని పనిని ముందుగా చిన్న ముక్క మీద కోయించి చూడాలి, ఎందుకంటే లేజర్ కోతలో అంచున కొంత పదార్థం కాలిపోయి అతుకులు వదులవుతాయి. చేత్తో కోసేటప్పుడు బ్లేడును ఉక్కు స్కేలు వెంటే నడపాలి. అన్నట్టు, పూర్తయిన నమూనాను సిటీ బస్సులో తీసుకెళ్లవలసి ఉంటే, బస్సు తలుపు వెడల్పును చూసుకున్నాకే నమూనా కింద ఉండే పలకను కోయాలి.