పీఎఫ్ డబ్బు తీసుకోండి, పెన్షన్ సర్వీసు చెరుపుకోవద్దు

తిరుపతి లాడ్జీలో రూంబాయ్‌గా మూడేళ్లు, సెక్యూరిటీ ఏజెన్సీలో రెండేళ్లు, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలో ఐదేళ్లు. ఇలా మారుతూ పనిచేసినవాళ్లకి 58 ఏళ్లకి పెన్షన్ అందకుండా చేసేది చాలాసార్లు పని మానినప్పుడల్లా పెన్షన్ మూట డబ్బు వెనక్కి తీసుకోడానికి పెట్టే 10సీ ఫారమే.

పీఎఫ్‌లో రెండు మూటలుంటాయి. జీతంలో మీ 12 శాతం, యజమాని 3.67 శాతం పీఎఫ్ ఖాతాకి. యజమాని కట్టే మిగతా 8.33 శాతం పెన్షన్‌కి. మొదటి మూటని 19 ఫారంతో తీసుకున్నా సర్వీసు పోదు. రెండోదాన్ని 10సీతో తీసుకుంటే మాత్రం అన్నాళ్ల సర్వీసూ సున్నా. నెట్ సెంటర్‌వాళ్లు అలవాటుగా రెండూ పెట్టేస్తారు, ముందే చెప్పండి. కొత్త పని దొరికితే పాత ఖాతాని ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి. దొరక్కపోతే 10సీలోనే డబ్బుకి బదులు స్కీమ్ సర్టిఫికెట్ (అప్పటిదాకా చేసిన సర్వీసుని నిలిపి ఉంచే కాగితం) అడగండి.

పెన్షన్ రావాలంటే అన్నిచోట్లా కలిపి పదేళ్ల సర్వీసు నిండాలి. 9 ఏళ్ల 6 నెలలున్నా పదిగానే లెక్క. చివరి 60 నెలల సగటు జీతాన్ని (బేసిక్, డీఏ కలిపి, 15,000 దాటకుండా) సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 9,000 జీతం, 12 ఏళ్ల సర్వీసుకి నెలకి సుమారు 1,543 రూపాయలు. కనీస పెన్షన్ 2014 సెప్టెంబరు నుంచి 1,000. ఇంటి అద్దెకి కూడా చాలదు, నిజమే. కానీ మీ తర్వాత భార్యకో భర్తకో అందులో సగం వస్తుంది, అదీ 1,000కి తగ్గదు. 50 ఏళ్లు దాటాక ముందే మొదలుపెట్టుకోవచ్చు గానీ, 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున కోత పడుతుంది, బతికినంతకాలం.

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజన్‌కి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. సీజనల్ పనికి పీఎఫ్ కట్టి ఉంటే, ఆ ఏడాది కొన్ని నెలలే చేసినా పెన్షన్ లెక్కలో పూర్తి ఏడాదే. అందుకే ప్రతి సీజన్‌లోనూ పాత యూఏఎన్ నంబరే (పని మారినా మారకుండా ఉండే మీ పీఎఫ్ నంబరు) ఇవ్వండి. కొత్త నంబరు పుట్టిందంటే సర్వీసు రెండు ముక్కలై, కలిపేదాకా లెక్కకి రాదు.

మానేటప్పుడు, ఏజెన్సీ ఊళ్లో ఉండగానే రెండు చూసుకోండి: పీఎఫ్ పోర్టల్లో మానిన తేదీ పడిందా, పేరూ ఇంటిపేరూ పుట్టినతేదీ ఆధార్‌లాగే ఉన్నాయా. దిద్దుబాటుకి యజమాని ఆమోదం కావాలనవచ్చు, మూతపడ్డ ఏజెన్సీ వెంట తిరగడం నరకం.

పీఎఫ్ లేని చిన్న హోటళ్లవాళ్లకి శ్రమ యోగి మాన్‌ధన్ అనే కేంద్ర పెన్షన్ పథకం ఉంది. వయసు 18 నుంచి 40, నెల ఆదాయం 15,000 లోపు. వయసుని బట్టి నెలకి 55 నుంచి 200 కడితే కేంద్రమూ అంతే వేస్తుంది. 60 నుంచి నెలకి 3,000.

పీఎఫ్ పెన్షన్‌కైతే 58 నిండగానే, పెన్షన్ మొదలుపెట్టమని అడిగే 10డీ ఫారం పెట్టండి. పెన్షన్ మొదలయ్యాక ఏటా జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నామని చూపే సర్టిఫికెట్) ఇవ్వాలి, తప్పితే పెన్షన్ ఆగిపోతుంది. అంట్లు తోమి అరిగిన వేళ్లని మిషన్ పట్టకపోతే, ఫోన్లో ముఖం చూపించి ఇవ్వొచ్చు.